బాల్డర్స్ గేట్ 3లో ఏ క్లాస్ తీసుకోవాలి: దెబ్బ కంటే ముందు నోరు చూడండి

బాల్డర్స్ గేట్ 3 మొదలుపెట్టగానే పాత్రను తయారుచేసుకునే తెర వస్తుంది. పన్నెండు క్లాసులు, అంటే పాత్రకుండే వృత్తులు, వరసగా కనిపిస్తాయి. చాలామంది అక్కడే గంటసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి యూట్యూబ్‌లో అన్నిటికంటే గట్టిగా కొట్టే బిల్డ్ ఏదో వెతికి అదే పెట్టేసుకుంటారు. ఇరవై గంటలయ్యాక ఆ పాత్ర బాగానే కొడుతుంటుంది. కానీ ఊరి గేటు దగ్గర కాపలావాడిని ఒప్పించాల్సి వచ్చినప్పుడు దానికి నోరు పెగలదు. ఇది 2023 ఆగస్టు 3న లారియన్ స్టూడియోస్ పీసీకి విడుదల చేసిన ఆట. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాల మీద నడుస్తుంది. ఇందులో పోరాటం ఎంతో, మాట కూడా అంతే. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది: సరైన మాట పడితే కొన్ని పోరాటాలు మొదలే కావు.

బెంగళూరులో ఈ ఆట ఆడే తెలుగువాళ్లలో మూడు రకాలు కనిపిస్తారు. ఆఫీసు క్యాబ్ దిగి, మారతహళ్లి పీజీలో రాత్రి పదింటికి ఒక్కరే గంట, గంటన్నర ఆడేవాళ్లు. శనివారం రాత్రి వాయిస్ చాట్‌లో నలుగురు కలిసేవాళ్లు; వాళ్లలో ఒకరు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు. ఫ్లాట్‌లో ఒకే టీవీ ముందు తెరను రెండుగా చేసుకుని ఇద్దరు ఆడేవాళ్లు. ఈ మూడు రకాలకూ ఒకే క్లాస్ సరిపోదు. కాబట్టి ముందు ఏవి చూడాలో తేల్చుకుందాం.

## చూడాల్సిన అయిదు విషయాలు

నోరు. సంభాషణలో ఏదైనా సాధించాలంటే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. దానికి మీ సామర్థ్యం, నైపుణ్యం కలుపుతారు. వచ్చిన మొత్తం ఎదుట ఉన్న అంకెను అందుకోవాలి. ఆ అంకెను డీసీ అంటారు. ఒక నైపుణ్యం కలిపే అంకె రెట్టింపైతే దాన్ని ఎక్స్‌పర్టీజ్ అంటారు. ఒప్పించడం, అబద్ధమాడటం, బెదిరించడం, ప్రదర్శన ఇవ్వడం, ఈ నాలుగూ కరిస్మా అనే ఆకర్షణ శక్తి మీదే ఆధారపడతాయి. డీసీ 15 ఉన్న ఒక మాటకు గెలిచే అవకాశం ఇలా ఉంటుంది:

| మాట్లాడేవాళ్లు | కలిసే అంకె | పాచికలో పడాల్సింది | గెలుపు అవకాశం |
|---|---|---|---|
| కరిస్మా 8, ఆ నైపుణ్యం లేదు | −1 | 16 | 25% |
| కరిస్మా 10, నైపుణ్యం ఉంది | +2 | 13 | 40% |
| కరిస్మా 16, నైపుణ్యం ఉంది | +5 | 10 | 55% |
| లెవెల్ 1 రోగ్, కరిస్మా 14, ఆ నైపుణ్యంలో ఎక్స్‌పర్టీజ్ | +6 | 9 | 60% |
| లెవెల్ 3 బార్డ్, కరిస్మా 17, ఆ నైపుణ్యంలో ఎక్స్‌పర్టీజ్ | +7 | 8 | 65% |

గైడెన్స్ అనే చిన్న స్పెల్ (మంత్రం) తోడైతే నాలుగు ముఖాల పాచిక ఇంకొకటి కలుస్తుంది. అంటే పై అవకాశాలకు సుమారు 12.5 శాతం చేరుతుంది. ఒకటి పడితే ఎంత కలిసినా ఓటమే, ఇరవై పడితే గెలుపే.

తోడు. దారిలో మొదట కలిసే ఆరుగురి క్లాసులు ముందే ఖాయం: షాడోహార్ట్ క్లెరిక్, ఆస్టారియన్ రోగ్, గేల్ విజార్డ్, లేజెల్ ఫైటర్, విల్ వార్‌లాక్, కార్లాక్ బార్బేరియన్. పార్టీలో మీతో కలిపి నలుగురే ఉంటారు. ఒక్కరే ఆడుతుంటే, వీళ్లలో ఎవరూ చేయని పని మీ పాత్ర చేసేలా చూసుకుంటే కథ నిండుగా ఉంటుంది. బార్డ్, సోర్సరర్, మాంక్ క్లాసులతో వచ్చే తోడు ఆట మొత్తంలో ఎవరూ లేరు.

చదువు భారం. ఆట తెలుగులో లేదు. ప్రతి స్పెల్ వివరణా ఇంగ్లీషులో చదవాల్సిందే. పగలంతా మెయిళ్లు, టికెట్లు చదివిన కళ్లతో రాత్రి పదకొండింటికి నలభై స్పెల్స్ జాబితా చూడటం అందరివల్లా కాదు. అందుకే దీన్ని ఒక ప్రమాణంగా పెట్టాను.

విశ్రాంతి. కొన్ని క్లాసుల శక్తి చిన్న విశ్రాంతితో తిరిగొస్తుంది. అది ఒక్కో పెద్ద విశ్రాంతికి రెండుసార్లు దొరుకుతుంది. కొన్ని క్లాసులకు పెద్ద విశ్రాంతే కావాలి. దానికి మామూలు కష్టస్థాయిలో 40 క్యాంప్ సామగ్రి ఖర్చవుతుంది, అంతకంటే కష్టమైన టాక్టీషియన్ స్థాయిలో 80. రెండు పోరాటాలకే శక్తి అయిపోయే క్లాస్ తీసుకుంటే సంచీలో తిండి లెక్కపెట్టుకుంటూ ఉండాలి.

ఎవరు ముందు కదులుతారు. పోరాటంలో వరస తేల్చడానికి ఈ ఆట ఇరవై ముఖాల పాచిక వాడదు, నాలుగు ముఖాలదే వాడుతుంది. దానికి డెక్స్టెరిటీ, అంటే చురుకుదనం, కలుస్తుంది. అందుకే డెక్స్టెరిటీ 17 ఉన్న రోగ్‌కు 4 నుంచి 7 వస్తుంది, 8 ఉన్న పాలడిన్‌కు 0 నుంచి 3 వస్తుంది. ఆ ఇద్దరిలో రోగ్ ఎప్పుడూ ముందే. పుస్తకం చూసి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అలవాటున్నవాళ్లు మొదట ఇక్కడే పొరబడతారు.

## పన్నెండూ ఒక్కచోట

| క్లాస్ | ముఖ్య సామర్థ్యం | నోరు | చదువు భారం | మొదటి ఆరుగురిలో ఉందా |
|---|---|---|---|---|
| బార్డ్ | కరిస్మా | చాలా బలం | మధ్యస్తం | లేదు |
| పాలడిన్ | స్ట్రెంగ్త్, కరిస్మా | బలం | మధ్యస్తం | లేదు |
| వార్‌లాక్ | కరిస్మా | బలం | తక్కువ | ఉంది |
| సోర్సరర్ | కరిస్మా | బలం | మధ్యస్తం | లేదు |
| రోగ్ | డెక్స్టెరిటీ | ఎక్స్‌పర్టీజ్ ఇస్తే బలం | తక్కువ | ఉంది |
| ఫైటర్ | స్ట్రెంగ్త్ లేదా డెక్స్టెరిటీ | బలహీనం | తక్కువ | ఉంది |
| బార్బేరియన్ | స్ట్రెంగ్త్ | బెదిరింపు వరకే | చాలా తక్కువ | ఉంది |
| క్లెరిక్ | విజ్డమ్ | మధ్యస్తం, గైడెన్స్ ఉంది | ఎక్కువ | ఉంది |
| డ్రూయిడ్ | విజ్డమ్ | జంతువులతో బలం | చాలా ఎక్కువ | లేదు |
| విజార్డ్ | ఇంటెలిజెన్స్ | బలహీనం | చాలా ఎక్కువ | ఉంది |
| మాంక్ | డెక్స్టెరిటీ, విజ్డమ్ | బలహీనం | తక్కువ | లేదు |
| రేంజర్ | డెక్స్టెరిటీ, విజ్డమ్ | బలహీనం | తక్కువ | లేదు |

పట్టికలో "బలహీనం" అని ఉన్నంత మాత్రాన ఆ క్లాస్‌తో పాత్ర పోషించలేమని కాదు. ఎదుటివాళ్లు ఒప్పుకోని చోట ఆ పాత్ర ఇంకేం చేస్తుందో మీరు ముందే అనుకుని ఉండాలి, అంతే.

## బార్డ్

పాత్రపోషణ కోసమే ఆడేవాళ్లకు నా మొదటి ఓటు బార్డ్‌కే. మన బుర్రకథ కథకుడి నడుముకు కత్తి కట్టి, చేతికి నాలుగు మంత్రాలిస్తే ఎలా ఉంటాడో బార్డ్ అలా ఉంటాడు: పాట పాడతాడు, ఊరి రాజకీయం చెబుతాడు, అవసరమైతే కొడతాడు.

లెవెల్ 2లో జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్ వస్తుంది. అంటే నేర్చుకోని నైపుణ్యాల్లోనూ కొంత కలుస్తుంది. అదే లెవెల్లో సాంగ్ ఆఫ్ రెస్ట్ వస్తుంది, పార్టీ అంతటికీ ఒక చిన్న విశ్రాంతి అదనంగా దొరుకుతుంది. పార్టీలో వార్‌లాక్ కూడా ఉంటే దీని విలువ ఇంకా పెరుగుతుంది. లెవెల్ 3లో రెండు నైపుణ్యాలకు ఎక్స్‌పర్టీజ్ వస్తుంది. ఒకటి ఒప్పించడానికి ఇవ్వండి. రెండోది అబద్ధానికా, బెదిరింపుకా అన్న దగ్గరే మీ పాత్ర స్వభావం తేలిపోతుంది.

ఉపక్లాసుల్లో తేడా పెద్దది. లోర్ తీసుకుంటే మాటతోనే శత్రువు పాచికను తగ్గించొచ్చు, లెవెల్ 6లో ఇతర క్లాసుల స్పెల్స్ రెండు తెచ్చుకోవచ్చు. స్వోర్డ్స్ తీసుకుంటే ఆయుధం మీద ఆధారపడతారు, లెవెల్ 6లో రెండో దెబ్బ వస్తుంది. ఫైటర్‌కు అది లెవెల్ 5లోనే వస్తుంది కాబట్టి ఆ ఒక్క లెవెల్ కాస్త భారంగా గడుస్తుంది. కొత్తవాళ్లకు స్వోర్డ్స్ తేలిక.

ఎక్కడ తేడా కొడుతుందంటే, తొలి నాలుగు లెవెళ్లలో, తోటివాళ్లకు అదనపు పాచిక ఇచ్చే బార్డిక్ ఇన్‌స్పిరేషన్ పెద్ద విశ్రాంతి తీసుకుంటేనే తిరిగొస్తుంది. లెవెల్ 5 నుంచి చిన్న విశ్రాంతి చాలు. ఈ సంగతి తెలియక మొదట్లో వాటిని దాచుకుని దాచుకుని, వాడకుండానే పడుకుంటారు. వాడేయండి.

## పాలడిన్

ఆట మీ పాత్రను నిజంగా నిలదీయాలని ఉంటే పాలడిన్ తీసుకోండి. మిగతా క్లాసుల్లో మీరు ఏం చేసినా ఆట ఊరుకుంటుంది. పాలడిన్ మాత్రం ఒక ప్రమాణం చేసి వస్తాడు. మీ మీదకు రాని మనిషి మీద మీరే ముందు చేయి చేసుకుంటే చాలా చోట్ల ఆ ప్రమాణం తెగిపోతుంది. అప్పుడు ఓత్‌బ్రేకర్ (ప్రమాణం తప్పినవాడు) అవుతారు, శక్తులు మారతాయి. వెనక్కి రావాలంటే క్యాంపులో కనిపించే నైట్ అనే యోధుడికి 1000 బంగారం కట్టాలి. ఆట మొదట్లో అది పెద్ద మొత్తమే.

డివోషన్, ఏన్షెంట్స్, వెంజియన్స్ మొదటి నుంచీ ఉన్న ప్రమాణాలు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్ క్రౌన్‌ను చేర్చింది. ఆ ప్యాచ్‌తో ప్రతి క్లాసుకూ ఒకటి చొప్పున కొత్త ఉపక్లాసులు పన్నెండు వచ్చాయి. మొదటిసారి ఆడేవాళ్లు వెంజియన్స్ తీసుకోవడం మంచిది. దుర్మార్గుడి మీద కోపం చూపిస్తే డివోషన్ తప్పుపట్టే చోట వెంజియన్స్ తరచుగా ఊరుకుంటుంది. ప్రతి మాటా తూచి పలికే పాత్ర కావాలంటే డివోషన్ అందం వేరు.

పోరాటంలో పాలడిన్ బలం డివైన్ స్మైట్, లెవెల్ 2 నుంచి. కొట్టిన దెబ్బ మీద స్పెల్ స్లాట్, అంటే స్పెల్ వేసే ఒక వంతు, ఖర్చుపెట్టి అదనపు దెబ్బ వేస్తారు. చాలామంది మొదటి గాబ్లిన్ మీదే స్లాట్లన్నీ తగలేసి, పెద్ద శత్రువు వచ్చేసరికి ఖాళీ చేతులతో నిలబడతారు. క్రిటికల్ (పాచికలో ఇరవై) పడినప్పుడు స్మైట్ పాచికలు కూడా రెట్టింపవుతాయి కనుక, క్రిటికల్ పడగానే అడిగేలా రియాక్షన్ సెట్టింగ్ పెట్టుకుంటే స్లాట్లు ఆదా అవుతాయి.

దొంగతనాలు చేస్తూ, కనబడిన పెట్టెనల్లా తెరుస్తూ తిరగడం మీకు ఇష్టమైతే పాలడిన్ వద్దు. నియమాలు అడ్డం రావనే అనుకున్నా, మీరు ఆడుతున్న మనిషికీ మీరు చేస్తున్న పనికీ పొంతన కుదరదు.

## వార్‌లాక్

రోజుకు గంటే సమయం ఉన్నవాళ్లకు దీన్ని మించింది లేదు. ఎల్డ్రిచ్ బ్లాస్ట్ ఒక్కటి తెలిస్తే సగం ఆట వచ్చినట్టే. పది ముఖాల పాచిక దెబ్బ, ఎంతసేపైనా ఉచితం. లెవెల్ 2లో అగొనైజింగ్ బ్లాస్ట్ తీసుకుంటే ప్రతి కిరణానికీ కరిస్మా కలుస్తుంది. లెవెల్ 5లో రెండు కిరణాలు, 10లో మూడు.

స్పెల్ స్లాట్లు తక్కువ: లెవెల్ 2 నుంచి రెండే, 11లో మూడు. కానీ చిన్న విశ్రాంతికే తిరిగొస్తాయి. కాబట్టి ప్రతి పోరాటంలోనూ రెండు పెద్ద స్పెల్స్ వేసి, చిన్న విశ్రాంతి తీసుకుని ముందుకు నడవండి. వీటిని విజార్డ్‌లాగా దాచుకోవడం వార్‌లాక్ ఆడేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

పాత్రపరంగా ఇది అప్పు తీసుకున్న మనిషి కథ. ఎవరికో మాట ఇచ్చి శక్తి తెచ్చుకున్నాడు. ఎవరికి, ఎందుకు, తీర్చే రోజు వస్తే ఏం చేస్తాడు అన్నది మీరు ముందే అనుకోవాలి. ఒక్కటే ఇబ్బంది: విల్ కూడా వార్‌లాకే, అతని కథంతా ఆ ఒప్పందం చుట్టూనే నడుస్తుంది. ఇద్దరూ పార్టీలో ఉంటే మీ కథ పక్కకు జరుగుతుంది. శక్తినిచ్చేవాళ్లలో ఫీండ్ బదులు గ్రేట్ ఓల్డ్ వన్ లేదా ఆర్చ్‌ఫే తీసుకుంటే మీ ఇద్దరి దారులు వేరవుతాయి.

## సోర్సరర్

సోర్సరర్‌కు మంత్రం పుట్టుకతో వస్తుంది. స్పెల్స్ కొన్నే తెలుస్తాయి కానీ వాటిని వంచే మెటామ్యాజిక్ లెవెల్ 2 నుంచి ఉంటుంది: ఒకే స్పెల్‌ను ఇద్దరి మీద వేయడం, లెవెల్ 3 నుంచి కొన్నిటిని బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో దొరికే అదనపు చిన్న పని) వేయడం. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవింగ్ త్రోలో, అంటే ప్రమాదాన్ని తట్టుకునే పాచికలో, నైపుణ్యం ఉండటం వల్ల దెబ్బ తగిలినా స్పెల్‌ను నిలిపి ఉంచే కాన్‌సన్‌ట్రేషన్ తరచుగా నిలబడుతుంది. విజార్డ్‌కు ఈ సదుపాయం లేదు.

ప్రాణం చాలా తక్కువ. కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్నా లెవెల్ 1లో 8 మాత్రమే. డ్రాకోనిక్ తీసుకుంటే ప్రతి లెవెల్‌కు ఒకటి చొప్పున పెరుగుతుంది, కవచం లేకున్నా రక్షణ కాస్త నయం. వైల్డ్ మ్యాజిక్ ఏం చేస్తుందో ముందుగా చెప్పలేం. స్నేహితులతో ఆడేటప్పుడు భలే ఉంటుంది. పార్టీ మొత్తం పోతే ఆట ముగిసిపోయే హానర్ మోడ్‌లో మాత్రం దాని జోలికి పోవద్దు.

## రోగ్

రోగ్ తీసుకుంటే మాటలు రావని చాలామంది అనుకుంటారు. పైన పట్టికలో లెక్క చూడండి: లెవెల్ 1 నుంచే ఎక్స్‌పర్టీజ్ దొరికే క్లాస్ ఇది. కరిస్మా 14 పెట్టి, ఒప్పించడానికో అబద్ధానికో ఎక్స్‌పర్టీజ్ ఇస్తే కరిస్మా 16 ఉన్న పాలడిన్‌ను లెవెల్ 1లోనే దాటుతాడు. తాళాలు తీయడం, ముందు కదలడం ఎలాగూ ఉన్నాయి. సైలెంట్‌గా ఉండే దొంగ కాదు, నోరున్న దళారి అనుకుని ఆడితే ఆటలో ఎక్కడా ఆగరు.

అంకెలు: డెక్స్టెరిటీ 15కి +2, కరిస్మా 13కి +1, కాన్‌స్టిట్యూషన్ 14, విజ్డమ్ 12, ఇంటెలిజెన్స్ 10, స్ట్రెంగ్త్ 8. ఇరవై ఏడు పాయింట్లూ సరిగ్గా సరిపోతాయి. లెవెల్ 3లో థీఫ్ తీసుకుంటే బోనస్ యాక్షన్ రెండు అవుతాయి. స్నీక్ అటాక్ అనే అదనపు దెబ్బ ఒక టర్న్‌కు ఒకసారే పడుతుంది. అది పడాలంటే శత్రువు పక్కన మీవాళ్లు ఒకరు ఉండాలి, లేదా మీకు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఉండాలి. ఒంటరిగా పక్కకు పోయి కొడితే పడేది మామూలు కత్తిపోటే.

## ఫైటర్, బార్బేరియన్

ఫైటర్ నమ్మకమైన క్లాస్. లెవెల్ 2లో యాక్షన్ సర్జ్ (అదే టర్న్‌లో ఇంకో పని), లెవెల్ 5లో రెండు దెబ్బలు, 11లో మూడు. బ్యాటిల్ మాస్టర్ తీసుకుంటే శత్రువును పడగొట్టడం, ఆయుధం జారిపోయేలా చేయడం లాంటివి కలిసి పోరాటం విసుగెత్తదు. సంభాషణల్లో ఫైటర్‌కు ప్రత్యేకమైన మాటలు తక్కువనిపిస్తుంది. ఆ లోటు జాతితో, నేపథ్యంతో పూడ్చుకోవాలి: సోల్జర్ నేపథ్యం తీసుకుంటే బెదిరింపులో నైపుణ్యం వస్తుంది, పాత్రకూ అతుకుతుంది.

బార్బేరియన్‌లో చదవాల్సింది దాదాపు ఏమీ లేదు. రేజ్ (ఆవేశం) పెట్టుకుంటే నరుకు దెబ్బ, పోటు, మొద్దు దెబ్బ, మూడూ సగమే తగులుతాయి. ఒక టర్న్‌లో ఎవరినీ కొట్టక, మీకూ దెబ్బ తగలకపోతే రేజ్ ఆరిపోతుంది. కాబట్టి శత్రువు దూరంగా ఉన్నప్పుడే పెట్టుకుని పరిగెత్తకండి, దగ్గరికి వెళ్లాక పెట్టండి. రేజ్‌లో స్పెల్స్ వేయలేరు. వైల్డ్‌హార్ట్ తీసుకుంటే జంతువులతో మాట్లాడే శక్తి వస్తుంది. మొరటుగా కనిపించి, కుక్కతో మాత్రం నెమ్మదిగా మాట్లాడే బార్బేరియన్‌ను ఆడటం ఈ ఆటలో ఒక మంచి అనుభవం.

## క్లెరిక్, డ్రూయిడ్, విజార్డ్

క్లెరిక్ నిలబడితే పార్టీ నిలబడుతుంది. గైడెన్స్ ఉంటుంది, గాయాలు మాన్పుతుంది. లెవెల్ 5లో వచ్చే, చుట్టూ ఉన్న శత్రువులను కొట్టే స్పిరిట్ గార్డియన్స్ స్పెల్‌తో శత్రువుల మధ్యకు నడిచి వెళ్తే చాలు. తయారుచేసుకునేటప్పుడు దేవతను ఎంచుకోవాలి. ఆ దేవతను బట్టి కొన్ని మాటలు మారతాయి. భక్తి ఉన్న పాత్రను ఇష్టంగా ఆడేవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. షాడోహార్ట్ ఆ పని చేస్తుంది కదా అంటే, నలుగురు స్నేహితులు కలిసి ఆడేటప్పుడు ఆమె క్యాంపులోనే ఉండిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు క్లెరిక్ తీసుకోక తప్పదు.

డ్రూయిడ్ లెవెల్ 2 నుంచి రూపం మారుస్తాడు. రెండుసార్లు మారొచ్చు, చిన్న విశ్రాంతికి తిరిగొస్తుంది. మొదటి అంకంలో డ్రూయిడ్ల తోట కథలో పెద్ద భాగం కనుక అక్కడ మీ మాటకు ప్రత్యేక విలువ ఉంటుంది. కానీ ప్రతి రూపానికీ వేరే దెబ్బలు, దానిపైన స్పెల్స్ జాబితా. చదువు భారం అన్నిటికంటే ఎక్కువ. తీరిక ఉన్నవాళ్ల క్లాస్.

విజార్డ్ దొరికిన స్క్రోల్స్ నుంచి స్పెల్స్ నేర్చుకుంటాడు, ఒక్కో స్పెల్‌కు దాని లెవెల్‌ను 50తో హెచ్చించినంత బంగారం ఖర్చు. పుస్తకం నింపుకోవడం ఇష్టమైతే ఆనందమే. ఒక్కరే ఆడుతూ గేల్‌ను కూడా వెంట తిప్పుకుంటే స్క్రోల్స్‌కు ఇద్దరూ పోటీపడతారు.

## మాంక్, రేంజర్

మాంక్ కవచం వేసుకోడు, చేతులతో కొడతాడు, వేగంగా కదులుతాడు. ఆడటం తేలిక, చూడటానికి బాగుంటుంది. తక్కువ మాట్లాడే పాత్ర కావాలంటే బాగా కుదురుతుంది. రేంజర్ విల్లు పట్టుకుని దూరం నుంచి కొట్టేవాళ్లకు. గ్లూమ్ స్టాకర్ తీసుకుంటే పోరాటం మొదటి టర్న్ చాలా బలంగా ఉంటుంది. ఇద్దరికీ కరిస్మా కోసం పాయింట్లు మిగలవు.

## పాత్రను ముందు అనుకుని, క్లాస్‌కు తర్వాత రండి

ఆట తెరవకముందే మీ పాత్ర గురించి మూడు ప్రశ్నలకు తెలుగులోనే జవాబు రాసుకోండి. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని తెలిస్తే ఏం చేస్తాడు? తప్పు పనికి డబ్బిస్తామంటే ఏం అంటాడు? తనవాళ్లు ప్రాణాపాయంలో ఉంటే ఏది వదులుకుంటాడు? మొదటిదానికి "తిరిగి అంతకంటే పెద్ద అబద్ధం చెబుతాడు" అంటే బార్డ్ లేదా రోగ్. "మొహం మీదే అంటాడు" అయితే పాలడిన్ లేదా బార్బేరియన్. రెండోదానికి "తీసుకుంటాడు, కానీ నిద్రపట్టదు" అయితే వార్‌లాక్. మూడోదానికి "తన ప్రమాణం కూడా" అని వస్తే పాలడిన్ తీసుకుని, ఓత్‌బ్రేకర్ అయ్యే దారిని కూడా సిద్ధంగా ఉంచుకోండి.

వాయిస్ చాట్‌లో ఆడేవాళ్లు మీ ఊరి యాసను పాత్రకు ఇవ్వండి. అనంతపురం మాటలో బార్బేరియన్, గోదావరి సాగతీతలో బార్డ్ మాట్లాడుకుంటే, తెర మీద ఇంగ్లీషు అక్షరాలున్నా ఆట మనదవుతుంది.

నేపథ్యం కూడా క్లాస్‌తో కలిపి ఎంచుకోవాలి, ఎందుకంటే దీన్ని తర్వాత మార్చలేరు. గిల్డ్ ఆర్టిజన్, నోబుల్ నేపథ్యాలు ఒప్పించే నైపుణ్యం ఇస్తాయి. షార్లటన్, క్రిమినల్ అబద్ధానివి. నేపథ్యం ఇచ్చే నైపుణ్యాన్ని క్లాస్ నుంచి మళ్లీ తీసుకునే అవసరం ఉండదు, ఆ చోటును ఇంకొకదానికి వాడుకోండి.

క్లాస్ మాత్రం మార్చుకోవచ్చు. విథర్స్ అనే పాత్ర క్యాంపుకు వచ్చాక 100 బంగారానికి క్లాస్, సామర్థ్యాలు, స్పెల్స్ అన్నీ మొదటి నుంచి పెట్టుకోనిస్తాడు. కాబట్టి మొదటి తెర దగ్గర భయపడి ఆగిపోనక్కర్లేదు. మార్చేటప్పుడు పాత్రను మాత్రం వదలకండి: రోగ్‌గా మొదలైనవాడు లెవెల్ 5లో పాలడిన్ అయితే, మధ్యలో అతనికి ఏమైందో ఒక్క వాక్యమైనా అనుకోండి.

## ఎవరికి ఏది

రాత్రి గంట ఆడే ఒంటరి ఆటగాడికి వార్‌లాక్, లేదా నోరున్న రోగ్. కథంతా మాటలతో నడపాలని, సెలవుల్లో గంటలు గంటలు ఆడాలని ఉంటే బార్డ్. తన నిర్ణయాలకు ఆట లెక్క అడగాలనుకునేవాళ్లకు పాలడిన్. ఇంగ్లీషు చదవడం కష్టమనిపించేవాళ్లకు, ఇలాంటి ఆట ఎప్పుడూ ఆడనివాళ్లకు బార్బేరియన్ లేదా ఫైటర్. మాటలు తోడు పాత్రలకు వదిలేయొచ్చు, అయితే మాట్లాడేముందు విల్‌ను ఎంచుకుని అతన్ని ముందుకు పంపాలి.

ఒకే టీవీ ముందు ఇద్దరు ఆడేటప్పుడు ఒకరు బార్డ్, ఒకరు ఫైటర్ తీసుకుని, మిగతా రెండు చోట్లలో షాడోహార్ట్, ఆస్టారియన్ ఉంచండి. ఇద్దరూ స్పెల్స్ వేసేవాళ్లే అయితే ఒకరు జాబితా చదువుతుంటే రెండోవాళ్లు ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది.

## నలుగురు కలిస్తే

నలుగురూ సొంత పాత్రలతో వస్తే పార్టీ నిండిపోతుంది. తోడు పాత్రలు క్యాంపులోనే ఉంటాయి, దారిలో వాళ్ల మాటలు వినబడవు. వాళ్ల కథలు కావాలనుకుంటే ముగ్గురే ఆడి ఒక చోటు ఖాళీ ఉంచండి.

| చోటు | క్లాస్ | చేయాల్సిన పని |
|---|---|---|
| నోరు | బార్డ్ లేదా పాలడిన్ | అన్ని సంభాషణలూ |
| ముందు నిలబడేవాళ్లు | ఫైటర్ లేదా బార్బేరియన్ | శత్రువును ఆపడం |
| తాళాలు, నిఘా | రోగ్ | పెట్టెలు, ఉచ్చులు |
| గైడెన్స్, వైద్యం | క్లెరిక్ లేదా డ్రూయిడ్ | పాచికకు సాయం, మందు |

ఇక్కడ అన్ని బృందాలకూ జరిగే పొరపాటు ఒకటుంది. ఎవరు మాట మొదలుపెడితే వాళ్ల పాత్ర కరిస్మాతోనే పాచిక పడుతుంది. నిఘా కోసం ముందు నడిచిన రోగ్, కరిస్మా 8తో, దానంతటదే మొదలయ్యే సంభాషణలో చిక్కుకుంటాడు. బార్డ్ వెనక నిలబడి చూడటమే అవుతుంది. అందుకని కొత్త ప్రదేశంలోకి తలుపు తీసేది ఎప్పుడూ నోరున్న పాత్రే కావాలని ముందే మాట్లాడుకోండి. రోగ్ దొంగచాటుగా వెళ్తే, మనుషుల గుంపు కనిపించగానే ఆగిపోవాలి. సంభాషణ జరుగుతుంటే మిగతావాళ్లు దాన్ని తెరిచి వినొచ్చు, ఏ మాట అనాలో సూచించొచ్చు.

పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ మధ్య కలిసి ఆడే సదుపాయం ఎనిమిదో ప్యాచ్‌తో వచ్చింది. హైదరాబాద్‌లో పీఎస్5 ఉన్న స్నేహితుడిని బీటీఎం లేఅవుట్‌లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇప్పుడు పిలుచుకోవచ్చు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డుకు వెళ్లి నిల్వ పెంచుకునేవాళ్లు 150 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ చూసుకోండి. హార్డ్ డిస్క్ మీద పెడితే నలుగురిలో మీ ఒక్కరి కోసం ముగ్గురు ఎదురుచూడాలి.

సంక్రాంతికి ఒకరు ఊరెళ్లి రెండు వారాలు రాకపోతే ఆట ఆగాల్సిన పనిలేదు. ఆ పాత్ర పార్టీలోనే ఉంటుంది, సేవ్ ఎవరిదో వాళ్లు దాన్ని నడపొచ్చు. అది బార్డో, వైద్యం చేసే పాత్రో అయితే అలాగే నడిపించండి. ఆ మనిషి ఇక రానే రాడని తేలితే, క్యాంపులో విథర్స్ దగ్గరున్న బీరువాలో ఆ పాత్రను ఉంచేసి, ఖాళీ అయిన చోట్లోకి షాడోహార్ట్‌నో ఆస్టారియన్‌నో తెచ్చుకోండి. వెళ్లిపోయింది నోరున్న పాత్రే అయితే ముందు విథర్స్‌కు 100 బంగారం ఇచ్చి, మిగిలినవాళ్లలో ఒకరి కరిస్మాను 14కు తెచ్చాకే తర్వాతి ప్రదేశంలోకి వెళ్లండి.